మిల్ట్ డుర్కా లేని తొలి వాన

ఆ రోజు పొద్దుటి నుంచి నార్బ్ లౌటర్ చేసినవి మూడే పనులు. మబ్బు కేసి చూడడం, గడియారం కేసి చూడడం, మంచినీళ్ళు తాగడం. మూడో పని వల్ల నాలుగో పని కూడా పదేపదే తప్పలేదు గానీ, అది చెప్పుకునేది కాదు.

మిషిగన్ సరస్సు మీద పదకొండింటికి దుప్పటంత ఉన్న మబ్బు, ఒంటిగంటకి ఆట మొదలయ్యేసరికి ఊరంత అయింది. ఆ సరస్సు ఒడ్డునున్న షిబాయ్‌గన్ ఊళ్ళో మే నెల మబ్బుని నమ్మకూడదు. ఉరిమితే పడదు, ఉరమకపోతే పడుతుంది. ఇది ఉరమడం లేదు.

వాన పడితే ఏమవుతుందట? ఆట ఆగుతుంది. మైదానం మీద పట్టా కప్పుతారు. ఆటగాళ్ళు లోపలికెళ్ళి పేకాడుకుంటారు. జనం కాల్చిన సాసేజ్‌ని రొట్టెలో పెట్టించుకుని, బీరు గ్లాసు పట్టుకుని రేకుల కిందికి చేరతారు. అందరికీ ఆటవిడుపే, రేడియోలో ఆట చెప్పేవాడికి తప్ప. ఆట లేదు, చెప్పడానికేమీ లేదు, అయినా వాన ఆగేదాకా వాడు మాట్లాడుతూనే ఉండాలి. అరగంట కావచ్చు, రెండున్నర గంటలు కావచ్చు. ఆ ఊరి స్మెల్ట్స్ బేస్‌బాల్ జట్టుకి నలభై ఒక్క ఏళ్ళుగా అదే ఆనవాయితీ. వాన పడితే రేడియోలో పాటలు వెయ్యరు, మిల్ట్ డుర్కా మాట్లాడతాడు.

మిల్ట్ మార్చిలో పోయాడు.

ఆయన గురించి ఆ ఊళ్ళో ఎవరిని కదిపినా గంటసేపు చెబుతారు. అక్కడి సందుల్లో బంతాడుకున్నవాడే. పెద్ద లీగులో ఆరేళ్ళు, బ్యాటర్ వెనక నిలబడి బంతి పట్టే క్యాచర్‌గా ఉన్నాడు. ఉన్నాడు అంటే ఎక్కువగా బెంచీ మీద ఉన్నాడు. బ్యాటు పట్టుకుంటే గాలికి తప్ప దేనికీ దెబ్బ తగిలేది కాదు. తిరిగొచ్చి సొంత ఊరి చిన్న జట్టుకి రేడియోలో ఆట చెప్పడం మొదలుపెట్టాడు. అంతే, ఊరు ఊరంతా ఆ నోటికి దాసోహం అంది. ఎన్ని జోకులైనా తన మీదే వేసుకునేవాడు, ఇంకొకరిని పల్లెత్తు మాట అనేవాడు కాదు. "మా అమ్మ నా ఆట చూడ్డానికి రెండు రైళ్ళు మారి వచ్చింది. ఆ రోజంతా నేను బెంచీ మీదే. రాత్రి భోజనం దగ్గర మెచ్చుకుంది, 'నడుం వంచకుండా భలే కూర్చున్నావురా' అని!" ఈ ముక్క వందసార్లు చెప్పాడు, నూటొకటోసారి కూడా నవ్వారు. కళ్ళెదురుగా ఆట జరుగుతుంటే కూడా జనం బుల్లి రేడియోలు వెంట తెచ్చుకునేవాళ్ళు. అదేం పిచ్చి అని అడిగితే, మిల్ట్ చెబితే గానీ జరిగినట్టుండదు అనేవాళ్ళు.

నార్బ్ పందొమ్మిదేళ్ళుగా ఆయన ఎడమ పక్కన కూర్చున్నాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి, పెళ్ళీ పెటాకులూ లేవు. స్కోరు పుస్తకం రాసేవాడు, అడిగిన అంకె అందించేవాడు, ఆటలో ఉండే తొమ్మిది ఇన్నింగ్స్‌లో నాలుగూ అయిదూ మాత్రం తనే చెప్పేవాడు. "ఆ రెండు ఇన్నింగ్స్‌లో ఊరంతా బాత్రూముకెళ్ళి వస్తుంది, నార్బ్ మనకి చేసే సేవ అది" అని మిల్ట్ మైకులోనే అనేవాడు. నార్బ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముక్కుతో నవ్వేవాడు. ఆ ముక్కు నవ్వు కూడా రేడియోలో వినపడేది.

ఆ పొద్దున స్టేషన్ మేనేజర్ కర్ట్ వచ్చాడు. నార్బ్ కన్నా పాతికేళ్ళు చిన్న, మర్యాద తప్పడు, అదే భయం.

"నార్బ్ గారూ, దాపరికం ఎందుకు, చెప్పేస్తాను. మీ అంకెలకి వంక లేదు. కానీ జనం అంకెల కోసం రేడియో పెట్టరు కదా! షికాగోలో ఒకతను సిద్ధంగా ఉన్నాడు, రేపు రమ్మన్నా వస్తాడు. ఇవాళొక్కరోజు చూస్తాను. వానొచ్చి మీరు మూగబోయారనుకోండి, అర నిమిషం ఆగి పాటల టేపు వేసేస్తాను. ఇక ఆ మైకు మీది కాదు."

"వాన పడకపోతే?" అన్నాడు నార్బ్.

కర్ట్ కిటికీలోంచి ఒకసారి చూశాడు. "పడుతుంది లెండి," అని వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచీ నార్బ్‌కి గుండె గుండెలో లేదు. మైదానం పైనున్న ఆ రేడియో గది పోతే తనకి ఇంకో లోకం లేదు, అదొకటి. ముక్కూ మొహం తెలియనివాడెవడో వచ్చి, మిల్ట్ మాట్లాడిన మైకులో, ఈ ఊరి వీధి పేర్లు కూడా సరిగ్గా పలకలేక కిచకిచలాడతాడు, అది రెండోది. రెండోది తలుచుకున్నప్పుడల్లా లేచి ఇంకో గ్లాసు మంచినీళ్ళు తాగాడు.

గదిలో ముగ్గురికి చోటు. వెనక బల్ల దగ్గర ఆర్డిస్, సౌండు మీటలు తిప్పే మనిషి. అరవై మూడేళ్ళు, నోటి దురుసు, చేతి నెమ్మది. ముందు వరసలో ఎడమ కుర్చీలో నార్బ్. కుడి పక్క మిల్ట్ కుర్చీ, ఆకుపచ్చ దిండుది. దాని మీద ఆయన టోపీ పెట్టి, కుర్చీ రెండు చేతుల మీదుగా నల్ల రిబ్బను కట్టారు. ఈ ఏడాదంతా అందులో ఎవరూ కూర్చోకూడదని జట్టువాళ్ళు తీర్మానం చేశారు. ఆట మొదలయ్యే ముందు మైదానంలో అందరూ టోపీలు తీసి ఒక నిమిషం నిలబడ్డారు. ఆ నిమిషం నార్బ్ కూడా తల వంచాడు గానీ, ఉన్న మాట చెప్పాలంటే, మిల్ట్ కోసం ప్రార్థించలేదు. వాన పడొద్దని ప్రార్థించాడు.

నాలుగో ఇన్నింగ్స్‌లో రెండో బ్యాటర్ అవుటయ్యాక చినుకు పడింది.

ముందు కిటికీ అద్దం మీద ఒకటి. నార్బ్ దాన్ని చూడనట్టే "బంతి బయటికి, రెండు బాల్స్, ఒక స్ట్రైకు" అన్నాడు. తర్వాత నాలుగు. తర్వాత లెక్కపెట్టలేనన్ని. అంపైర్ రెండు చేతులూ పైకెత్తాడు.

"ఆట ఆగింది," అన్నాడు మైకులో. "వాన పడుతోంది."

ఆర్డిస్ వెనక నుంచి బొటనవేలు చూపించింది, కానీయ్ అన్నట్టు.

కానిచ్చాడు. ఈ ఏడాది స్మెల్ట్స్ బ్యాటర్ల సగటులు చదివాడు. నిరుటివి చదివాడు. ఎడమచేతి పిచ్చర్ల మీద వేరే, కుడిచేతి పిచ్చర్ల మీద వేరే చదివాడు. గత పదిహేనేళ్ళలో మే నెలలో వానకి ఆగిన ఆటలెన్నో, ఒక్కోటీ ఎంతసేపు ఆగిందో చదివాడు. గడియారం చూస్తే పదకొండు నిమిషాలు గడిచాయి. బయట పట్టా మీద నీళ్ళు మడుగులు కట్టాయి. అంకెలు అయిపోయాయి.

అక్కడ ఇంకో చిక్కుంది. గది కిటికీ సగం తెరిచే ఉంటుంది, జనం చప్పుడు మైకులో పడాలని. కింద రేకుల కింద నిలబడ్డ వందలమంది చేతుల్లో బుల్లి రేడియోలు. నార్బ్ ఏం మాట్లాడినా ఆ మాట కిందికెళ్ళి, వంద రేడియోల్లోంచి మళ్ళీ పైకొచ్చి అతని చెవిలోనే పడుతోంది. తన గొంతు తనకే పరాయివాడి గొంతులా, అదీ నిద్రపోతున్నవాడి గొంతులా వినపడింది. కింద ఒక పెద్దావిడ చెవిలోంచి రేడియో తీగ పీకేసి, చుట్టి, సంచిలో పెట్టుకోవడం చూశాడు.

అంకెల కాగితాలు పక్కకి తోసేశాడు.

"మిల్ట్ ఉంటే ఈపాటికి తన మోకాలి సంగతి చెప్పేవాడు," అన్నాడు. అనేశాక గానీ తెలియలేదు, ఇక చెప్పి తీరాలని. "ఆడే రోజుల్లో మోకాలు విరిగి ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు జట్టు వరసగా పదకొండు ఆటలు గెలిచిందట. అందుకని జట్టువాళ్ళు ఆ మోకాలికి మెడల్ ఇచ్చారని చెప్పేవాడు." ఒక్క క్షణం ఆగాడు. లోపలి లెక్కల మేష్టారు ఊరుకోలేదు. "నిజానికి పదకొండు కాదు. తొమ్మిది. మధ్యలో రెండు ఓడిపోయారు. మెడల్ కూడా ఇవ్వలేదు."

కింద ఒక్కరూ నవ్వలేదు.

చేజేతులా చంపాను, అనుకున్నాడు నార్బ్. మిల్ట్ మార్చిలో ఒకసారి పోయాడు, ఇప్పుడు నా చేతుల్లో రెండోసారి పోయాడు. తర్వాతి మాట కోసం నోరు తెరిచాడు. రాలేదు. కింద వంద రేడియోలూ మూగబోయాయి. ఒక్కొక్క తలా పైకి లేచి గది కిటికీ కేసి చూసింది. గోడ గడియారంలో సన్న ముల్లు కదులుతోంది. ఐదు సెకన్లు. ఎనిమిది. ఫోను మీద ఎర్ర దీపం వెలిగింది. కర్ట్.

అప్పుడు వెనక కుర్చీ కిర్రుమంది. ఆర్డిస్ లేచి వచ్చింది. వచ్చి మిల్ట్ కుర్చీకి కట్టిన నల్ల రిబ్బను పుటుక్కున తెంపింది. టోపీ తీసి బల్ల మీద పెట్టింది. ఆకుపచ్చ దిండు మీద దబ్బున కూర్చుంది.

నార్బ్‌కి భయమంతా కోపంలోకి తిరిగింది. "ఏం చేస్తున్నావ్ ఆర్డిస్? అది మిల్ట్‌ది! లే!"

ఆ మాట మైకులో పడింది. కింద రేడియోలన్నీ ఒక్కసారిగా 'లే!' అన్నాయి.

"లేవను," అంది ఆర్డిస్. "ఖాళీ కుర్చీకి కథ చెప్పమంటే ఎవడు చెప్పగలడయ్యా? తీర్మానాలు చేశారు, పెద్ద! ఆయన ఏనాడైనా మైకుతో మాట్లాడాడా? పందొమ్మిదేళ్ళూ నీతో మాట్లాడాడు. నువ్వు ముక్కుతో నవ్వితే ఇంకో నాలుగు చెప్పేవాడు. నీకు జలుబు చేసి రాని రోజున ఆయనెంత చప్పగా చెప్పాడో నీకేం తెలుసు, నువ్వింట్లో పడుకున్నావ్. మీటలు తిప్పినదాన్ని నేను, నాకు తెలుసు. ఊ, చెప్పు. ఊళ్ళోవాళ్ళ సంగతి వదిలెయ్. నాకు చెప్పు."

"ఏం చెప్పమంటావ్?"

"ఏదో ఒకటి. నీకేమనిపిస్తే అది."

నార్బ్ ఆమె మొహం కేసి చూశాడు. పందొమ్మిదేళ్ళలో ఆమె మొహం ఇంత దగ్గరగా చూసింది లేదు, ఎప్పుడూ వీపు వెనకే ఉండేది.

"నాకు భయంగా ఉంది ఆర్డిస్."

"అది నాకే కాదు, మిల్వాకీ దాకా అందరికీ వినపడుతూనే ఉంది."

కింద ఎవరో ఒకరు నవ్వారు. చిన్న నవ్వే. నార్బ్ అది వినిపించుకోలేదు, ఆర్డిస్ మొహమే చూస్తున్నాడు. మాట దానంతటదే వచ్చేసింది.

"ఆయనక్కూడా భయమేసింది. ఆ ఆఖరి రోజు, ఆసుపత్రిలో."

ఆర్డిస్ కళ్ళు పెద్దవయ్యాయి. నార్బ్‌కి అప్పుడు గుర్తొచ్చింది, మైకు తెరిచే ఉందని. రెండు నెలలుగా ఎవరికీ చెప్పని మాట అది. మిల్ట్ భార్య డొలోరెస్‌కి కూడా చెప్పలేదు. ఊరంతా నవ్వుతూ పోయాడనుకుంటున్న మనిషిని, నర్సుకి జోకు చెబుతూ కన్ను మూశాడని పత్రికలో కూడా వేసిన మనిషిని, తను నోరు జారి నడివీధిలో నిలబెట్టాడు. మింగలేడు, కక్కలేడు. తలుపు భళ్ళున తెరుచుకుంది. కర్ట్ తడిసి ముద్దయి, రొప్పుతూ నిలబడ్డాడు. రెండడుగుల్లో ఆర్డిస్ బల్ల దగ్గరికెళ్ళి టేపు మీట మీద చెయ్యి వేశాడు.

ఆర్డిస్ అటు తిరగనైనా లేదు. "చెప్పు," అంది నార్బ్‌తో. ఈసారి గొంతులో దురుసు లేదు. "ఏం జరిగింది?"

ఇంక దాచడానికేం మిగిలిందని?

"మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను," అన్నాడు నార్బ్. "నర్సులున్నంతసేపూ బాగానే ఉన్నాడు. ఆసుపత్రి గౌను గురించి ఏదో అన్నాడు, ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది. ఆ అమ్మాయి వెళ్ళి తలుపు మూసుకోగానే నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా. పీకినా రాదు. 'ఒరేయ్ నార్బ్, నాకు భయంగా ఉందిరా' అన్నాడు. నేనేమనగలను? నాకు ఒకరికి ధైర్యం చెప్పడం చేతకాదు. నవ్విద్దామనుకున్నాను. ఆయన జోకే ఆయనకి చెప్పబోయాను, బెంచీ మీద కూర్చుంటే వాళ్ళమ్మ మెచ్చుకున్నది."

"దాన్ని కూడా పాడుచేశావా?"

"సగంలోనే ఆపేశాడు. 'వద్దురా బాబూ, ఇవాళ జోకులకి ఓపిక లేదు. నీ పుస్తకం ఉందా?' అన్నాడు. సంచిలో పాత స్కోరు పుస్తకం ఒకటుంది, పదకొండేళ్ళ నాటిది. 'ఒక ఆట చదువు. ఏదైనా సరే, తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటే చాలు. ఏమీ కలపకు, లెక్క మాత్రం చదువు' అన్నాడు."

కింద చప్పుడు లేదు. బీరు గ్లాసులు చేతుల్లోనే ఉండిపోయాయి. రేకుల మీద వాన, దాని కింద నార్బ్ గొంతు, అంతే.

"తెరిచిన చోట జులై నెల ఆట వచ్చింది, గ్రీన్‌బే మీద. చదివాను. మొదటి ఇన్నింగ్స్. మొదటి బ్యాటర్, మూడు స్ట్రైకులు, అవుట్. రెండో బ్యాటర్, బంతి నేల మీదుగా షార్ట్‌స్టాప్ ఫీల్డర్ చేతికి, అక్కణ్ణించి ఫస్ట్ బేస్‌కి, అవుట్. అలా. క్లాసులో ఎక్కాలు చెప్పినట్టు. ఆయన కళ్ళు మూసుకుని వింటూ, ఒక్కోసారి 'ఊ' అనేవాడు. రెండో ఇన్నింగ్స్‌కి వణుకు తగ్గింది. మూడో ఇన్నింగ్స్‌లో మనవాళ్ళు రెండు పరుగులు తీశారు, 'అదీ' అన్నాడు. నాలుగో ఇన్నింగ్స్‌కి చొక్కా మీద పట్టు వదులైంది." నార్బ్ బల్ల మీది టోపీ కేసి చూశాడు. "నాకేమనిపించిందంటే ఆర్డిస్, పందొమ్మిదేళ్ళు నన్ను ఆ ఎడమ కుర్చీలో ఎందుకు ఉంచుకున్నాడా అని ఊళ్ళో చాలామంది అడిగారు. నన్ను నేనూ అడిగాను. దేనికంటే, బహుశా ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు లెక్క కూడా కావాలి. అయిదు తర్వాత ఆరే వస్తుందని ఒకరు పక్కన కూర్చుని చెప్పాలి. ఆరో ఇన్నింగ్స్ మధ్యలో నిద్రపోయాడు. నేను మాత్రం ఆపలేదు. ఆటని మధ్యలో వదిలి లేవకూడదని ఆయనే నేర్పాడు. మెల్లగా తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా చదివి, పుస్తకం మూసి, దుప్పటి సర్ది వచ్చాను. మళ్ళీ లేవలేదు. సాయంత్రం ఆరున్నరకి పోయాడు."

ఆర్డిస్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంది. ఏమీ అనలేదు. నార్బ్ కూడా ఏమీ అనలేదు. గడియారంలో సన్న ముల్లు తిరిగింది, పది, ఇరవై, ముప్ఫై. అర నిమిషం దాటింది. రేడియోలన్నీ నిశ్శబ్దం. అయిపోయింది, అనుకున్నాడు నార్బ్. మైకూ పోయింది, మిల్ట్ పరువూ పోయింది. మీట చప్పుడు కోసం వీపు బిగపట్టుకుని కూర్చున్నాడు.

మీట చప్పుడు రాలేదు. కింద ఆ పెద్దావిడ సంచిలో చెయ్యి పెట్టి రేడియో తీగ వెతుక్కుంటోంది. దొరక్క, పక్కవాడి రేడియో దగ్గరికి చెవి వంచింది.

నార్బ్ నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. కర్ట్ చెయ్యి మీట మీద లేదు. రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి. జుట్టులోంచి నీళ్ళు మొహం మీదికి కారుతున్నా తుడుచుకోవడం లేదు. మైకుకి దూరంగా, బడిపిల్లవాడు మేష్టారిని అడిగినట్టు అడిగాడు.

"నార్బ్ గారూ, ఆ ఆట... చివరికి ఎవరు గెలిచారండీ?"

"వాళ్ళే," అన్నాడు నార్బ్. "ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మునిగాం. ఏడు–మూడు." అని మళ్ళీ ఆర్డిస్ వైపు తిరిగి మైకుని దగ్గరికి జరుపుకున్నాడు. "కానీ ఆయన నిద్రపోయేసరికి మనమే ముందున్నాం."